నలభై ఏడు ప్రార్థనలు అందుకున్న అమ్మాయి

మా విశ్వవిద్యాలయపు ఉద్యోగ ప్రోత్సాహక విభాగం ఒక ఏడాది సంతోషంతో ప్రకటించినది ఏమనగా, ఆ ఏటి పట్టభద్రురాలు కుజిరాయ్ మినామొ కోసం మొత్తం నలభై ఏడు కంపెనీలు ప్రార్థనలు చేశాయి. నీగాతా ప్రాంతంలో ఇదొక రికార్డు. పేరున్న గుళ్లలో పూజారులు కూడా ఒక్క మనిషి కోసం ఇంత శ్రమ తీసుకోరు.

మా దేశంలో ఏ కంపెనీ కూడా ఎవరికీ ఉద్యోగం లేదని చెప్పదు. అది మర్యాద కాదు. ‘నిశితంగా పరిశీలించిన మీదట, ఈసారి మీ ఆశ నెరవేర్చలేకపోతున్నాము. మీ ఉజ్వల భవిష్యత్తు కోసం ప్రార్థిస్తున్నాము’ అని రాస్తుంది. కారణం మాత్రం రాయదు. ఉత్తరం అందుకున్నవాళ్లు ఆ ప్రార్థనతో ఏం చేసుకోవాలో వాళ్లే చూసుకోవాలి.

ఆ విభాగానికి ఇరవై ఎనిమిదేళ్లు అధిపతిగా ఉన్నది నేనే. పేరు కురమోచి. పిల్లలకు ధైర్యం చెప్పడం నా పని. ఇంటర్వ్యూ గది తలుపు మూడుసార్లు తట్టాలనీ, రెండుసార్లు తడితే అది మరుగుదొడ్డి తలుపు లెక్కలోకి వస్తుందనీ నేర్పేవాణ్ణి. నమస్కారానికి నడుము సరిగ్గా ముప్పై డిగ్రీలు వంచాలి. దానికి నా దగ్గర చెక్క కోణమానిని ఉంది. సూటు నలుపు, బూటు నలుపు, జుట్టుకు కట్టే రబ్బరు బ్యాండు కూడా నలుపే. ఇవన్నీ కుదిరాక, మరెవరికీ లేని మీ ప్రత్యేకత ఏమిటో చెప్పమని అడిగేవాణ్ణి. ఓర్పు అని చెప్పాలని ముందే కరపత్రం పంచేవాళ్లం.

ఉద్యోగాలన్నీ ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయమే మొదలవుతాయి. ఆ వేళకు ఎక్కడో ఒకచోట కుర్చీ దొరకాలి. దొరక్కపోతే ముందు రోజు దాకా తాజా పట్టభద్రుడు అనిపించుకున్నవాడు తెల్లారేసరికి నిల్వ సరుకు అయిపోతాడు, ఇక జన్మలో ఏ కంపెనీ అతన్ని కొత్తవాడిగా చూడదు. మార్చి మూడో వారం వచ్చినా కుజిరాయ్‌కి కుర్చీ దొరకలేదు. చేపల బజారులో పనిచేసే వాళ్లమ్మ ఫోనులో ఉద్యోగం ఊసు మానేసి వాతావరణం గురించి మాత్రమే అడుగుతోందట.

“సార్, నలభై ఏడు కంపెనీలు. ఒక్కళ్లైనా ఎందుకు తీసుకోలేదో చెప్పొచ్చుగా?” అంది నా గదిలో కూర్చుని.

“తెలిస్తే బాధపడతావమ్మా.”

“ఇప్పుడేమన్నా పండగ చేసుకుంటున్నానా?”

నేను ఫారంలో ‘విద్యార్థిని ఉత్సాహంగా ఉన్నది’ అని రాసుకున్నాను.

“ఆ ఉత్తరాలు రాసే పని నాకే దొరికితే చూడండి సార్, కారణం ఒక్క వాక్యంలో రాసి పడేస్తాను. నిజమైన కారణం.”

“దొరికినప్పుడు రాద్దువుగాని. ముందు నడుము వంచు. ఇందాక ఇరవై ఆరు డిగ్రీలే వచ్చాయి.”

పట్టాల పండగకు ముఖ్య అతిథి హొకుశిన్ ముల్లంగి ఊరగాయల కంపెనీ అధ్యక్షుడు. ఆయన వేదికెక్కి గంటసేపు ప్రోత్సహించారు. “మందలో గొర్రెల్లా బతకొద్దు! ప్రశ్నించండి! మీలాంటి సాహసవంతుల కోసం మా కంపెనీ తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి!” అన్నారు. ఎనిమిది వందల మంది ఒకేసారి ముప్పై డిగ్రీలు వంగారు. కార్యక్రమ నిర్వాహకుడు అలవాటుగా, ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగి, అలవాటుగానే మైకు కట్టేయబోయాడు. ఇన్నేళ్లలో ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

కుజిరాయ్ లేచి నిలబడింది.

“అధ్యక్షులవారూ, నాకోసం ముప్పై ఒకటో ప్రార్థన చేసింది మీరే. నన్నెందుకు తీసుకోలేదండీ?”

అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి సిబ్బంది విభాగాధిపతి వైపు చూశాడు. అతను తన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. కారణం ఎవరికీ తెలియదు. ముందు వరుసలో విలేకరులు ఉన్నారు గనక అధ్యక్షుడు చప్పట్లు కొట్టి, “మేము వెతుకుతున్న ధైర్యం ఇదే!” అని అక్కడికక్కడే ఉద్యోగం ప్రకటించారు. ప్రార్థనల్లో అంత అనుభవం మరెవరికీ లేదు కనుక ప్రార్థన ఉత్తరాలు రాసే పనికే పెట్టుకున్నారు. ఈ విజయాన్ని మా వార్షిక నివేదికలో నా ఖాతాలో వేసుకున్నాను. సంతోషంతో నాకు కన్నీళ్లు కూడా వచ్చాయి, అది నివేదికలో రాయలేదు.

అమ్మాయి మాట నిలబెట్టుకుంది. ‘మీరు చాలా బాగా మాట్లాడారు. కానీ ఆ కుర్చీ డైరెక్టరుగారి మేనల్లుడికి ముందే అనుకున్నది’ అని ఒకరికి రాసింది. ‘మీలో లోపం లేదు. మీ దరఖాస్తు మేము తెరవలేదు’ అని ఇంకొకరికి రాసింది. ఉద్యోగం రానివాళ్లు ధన్యవాదాల కార్డులు పంపడం మొదలెట్టారు. కంపెనీ హడలిపోయి అత్యవసర సమావేశం పెట్టింది.

ఆమెను ఎవరూ తిట్టలేదు. ప్రోత్సహించారు. ఇకపై ప్రతి ఉత్తరం మీద తొమ్మిది మంది అధికారుల ముద్రలు పడాలన్నారు, అంతే. ఒక్కొక్క ముద్ర దగ్గర రెండేసి మాటలు రాలిపోయేవి. తొమ్మిదో ముద్ర పడేసరికి ప్రార్థన మాత్రం మిగిలేది. అక్కడ ముద్రకూ మర్యాద ఉంటుంది. కిందివాళ్లు తమ ముద్రను పైవాళ్ల ముద్రకు నమస్కరిస్తున్నట్టు కాస్త వాల్చి వేయాలి. మొదట్లో ఈ అమ్మాయి ముద్ర నిటారుగా పడేదని, ఒకసారి నాకు ఊరగాయల డబ్బా తెచ్చిచ్చినప్పుడు తనే నవ్వుతూ చెప్పింది.

మూడేళ్లకు నేను పదవీ విరమణ చేశాను. ఇంట్లో ప్రోత్సహించడానికి ఎవరూ లేరు. నేను మూడుసార్లు తట్టినా మా ఆవిడ తలుపు తీయదు. హొకుశిన్ కంపెనీలో గేటు దగ్గర సందర్శకుల పేర్లు రాసుకునే పని ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. నల్ల సూటు వేసుకుని వెళ్లి, ఓర్పు నా ప్రత్యేకత అని చెప్పి వచ్చాను.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. నా ఉజ్వల భవిష్యత్తు కోసం ప్రార్థిస్తున్నారు. కింద సంతకం, కుజిరాయ్ మినామొ. ఎక్కడో ఒక వాక్యం ఉంటుందని వెనక్కి తిప్పి చూశాను, వెలుతురుకు పెట్టి చూశాను, కవరు కూడా చింపి చూశాను. ఏమీ లేదు.

తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని ఆమె ముద్ర వైపు చూశాను. పై అధికారి ముద్ర వైపు చక్కగా వాలి ఉంది. అటక మీంచి చెక్క కోణమానిని దించి కొలిచాను.

సరిగ్గా ముప్పై.