డిప్ప కంపెనీ చేతులు మారిన వైనం

అదో పెద్ద అడవి. అంత పెద్ద అడవిలో ఆకు కదలాలన్నా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. మేత పర్మిట్లు, గుహల పట్టాలు, నీళ్ల రేవులో వంతులు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు.

దాంతో ప్రతి జీవికీ ఒక ల్యాప్‌టాప్ అవసరమైంది. ఏనుగులు ఖరీదైనవి కొనుక్కున్నాయి. మిగతా అందరికీ డిప్ప ల్యాప్‌టాపే దిక్కు.

దాన్ని తయారుచేసేది కూర్మయ్య అనే తాబేలు. మూత మీద తాబేటి డిప్ప బొమ్మ ఉంటుంది. చవక, బరువు, మహా నెమ్మది. కానీ పాడవదు. కొమ్మ మీంచి కింద పడ్డా, వానలో నానినా, కోతి పిల్లలు పీటలా వేసుకుని కూర్చున్నా మళ్లీ వెలుగుతుంది.

వాడేవాళ్లకి దానిమీద ఉన్న అభిమానం ఇంతా అంతా కాదు. ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. దుందుభయ్య అనే అడవిదున్న దానికి అధ్యక్షుడు. ఎవరైనా వేరే కంపెనీ పేరెత్తితే ఆయన ఏమీ అనడు. కొమ్ములు కాస్త వంచి శ్రద్ధగా వింటాడు. చెప్పేవాళ్లే ఆపేస్తారు.

ఈ అభిమానాన్ని చూసి మచ్చల మార్తాండం అనే చిరుతపులికి నోరూరింది.

మార్తాండం వేటలో పేరున్నవాడే. అయితే ఈమధ్య పరిగెత్తితే ఆయాసం వస్తోంది. వ్యాపారమైతే కూర్చున్నచోటికే వస్తారు కదా అనిపించింది. సలహా చెప్పడానికి శుకబాబు అనే చిలుక ఉండనే ఉన్నాడు. పట్నంలో ఓ కాలేజీ వరండాలో కొన్నేళ్లు పంజరంలో ఉండి వచ్చాడు కాబట్టి అతణ్ని అడవిలో అందరూ చదువుకున్నవాడనే అంటారు.

"సార్, మనం కొనేది ఫ్యాక్టరీ కాదు, విశ్వాసం," అన్నాడు శుకబాబు. "మూత మీద ఆ బొమ్మ ఉంటే చాలు. లోపల ఇసుక పోసిచ్చినా కళ్లకద్దుకుని పట్టుకెళ్తారు."

మార్తాండానికి ఒక కొండ ఉంది. వాళ్లమ్మ అతనికి వేట నేర్పిన కొండ. దాన్ని సింహంగారి బ్యాంకులో తాకట్టు పెట్టి డిప్ప కంపెనీని కొనేశాడు.

సంతకాల రోజున కూర్మయ్య, "మావాళ్లు చాలా మంచివాళ్లు బాబూ. జన్మలో కంపెనీ మారరు," అని తాళాలు చేతికిచ్చి మడుగు వైపు బయల్దేరాడు. తాబేలు అంత జోరుగా నడవడం అడవిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

కొత్త డిప్ప వచ్చింది. పైన పాత బొమ్మే. లోపల మాత్రం బ్యాటరీని జిగురేసి అతికించారు. కీబోర్డులో 'ళ' నొక్కితే 'ల' పడేది. ధర కాస్త పెంచారు. ఆవిష్కరణ సభకి సంఘం మొత్తం తరలివచ్చింది. చప్పట్లతో అడవి మార్మోగింది. మార్తాండం కళ్లు చెమర్చాయి.

సభ అయ్యాక దుందుభయ్యని పక్కకి పిలిచాడు.

"ఎలా ఉంది దుందుభయ్యగారూ?"

"బ్రహ్మాండం సార్. మన కంపెనీ కదా."

"మరి మొదటిది మీరే తీసుకోండి."

"నాకెందుకు సార్?" అన్నాడు దుందుభయ్య ఆశ్చర్యంగా. "ఉందిగా. మా నాన్నగారు కొన్నది. లక్షణంగా పనిచేస్తోంది."

మార్తాండం ఎలుగుబంటిని అడిగాడు. ఉందన్నాడు. కొండముచ్చుని అడిగాడు. ఇంట్లో రెండున్నాయన్నాడు. అందరూ ఆ మాట గర్వంగానే చెప్పారు. అందరూ టిఫిన్ తిని, కంపెనీకి జేజేలు కొట్టి వెళ్లిపోయారు.

"పాతవి పనిచేస్తున్నంతకాలం ఇంతే సార్," అన్నాడు శుకబాబు. "ఒక అప్‌డేట్ పంపిద్దాం. పాతవన్నీ నత్తనడక నడుస్తాయి. విసుగెత్తి వాళ్లే వస్తారు."

పంపించారు. వారం గడిచినా ఒక్కరూ రాలేదు. మార్తాండం ఉండబట్టలేక మడుగు గట్టున ఉన్న దుందుభయ్య దగ్గరికి వెళ్లాడు.

"మీ డిప్ప ఏమైనా నెమ్మదించిందా?"

దుందుభయ్య బురదలోంచి లేచి ఆలోచించాడు. "తెలీదు సార్. పొద్దున్నే బటన్ నొక్కి బురదలో దిగుతాం. లేచేసరికి తెరుచుకుని ఉంటుంది. ఈమధ్య ఒళ్లు కాస్త ఎక్కువ చల్లబడుతోందని మా ఆవిడ అంటోంది. అది మీ చలవేనా? చాలా థాంక్స్ సార్."

తర్వాత శుకబాబు పాతవాటికి విడిభాగాలు ఆపించేశాడు. ఇది మాత్రం పనిచేసింది. ఒకనాడు దుందుభయ్య పదిమందిని వెంటబెట్టుకుని షోరూముకి వచ్చాడు.

"కొత్తది ఒకటి ఇప్పించండి సార్."

మార్తాండం ఒక్క ఉదుటున లేచాడు. దండ తెప్పించాడు. ఫొటో తీయించాడు. దుందుభయ్య డబ్బు కట్టి, ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. వెనకనున్న ముంగిస స్క్రూడ్రైవర్ అందించాడు.

మూత ఊడదీశారు. తెర ఎలుగుబంటికి. ఫ్యాను కొండముచ్చుకి. చార్జర్ ముంగిసకి. మూత మడతబందులు దుందుభయ్యకి. స్క్రూలు కుందేళ్లు పంచుకున్నాయి. అందరూ వెంట తెచ్చుకున్న పాత డిప్పలు అక్కడికక్కడే బాగయ్యాయి.

"ఇది మీరుంచుకోండి సార్," అని దుందుభయ్య మిగిలిన ఖాళీ పెట్టెని బల్లమీద పెట్టాడు. "కీబోర్డు మాకొద్దు. అందులో 'ళ' లేదు."

ఆ ఏడాది అమ్ముడైంది అదొక్కటే.

మార్తాండం మడుగుకి పరిగెత్తి కూర్మయ్యని పిలిచాడు. తల ఒక్కటే నీళ్లపైకి వచ్చింది.

"కూర్మయ్యగారూ, కంపెనీ వెనక్కి తీసుకోండి. ఇచ్చినంత ఇవ్వండి."

"నేనెందుకు అమ్మాననుకున్నావు బాబూ?"

"వయసు మీదపడిందని..."

"తాబేలుకి వయసేమిటి?" అన్నాడు కూర్మయ్య జాలిగా. "నాకు ఫ్యాక్టరీ నిండా అభిమానులే. ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగేది కాదు." తల నీళ్లలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వాయిదాలు కట్టకపోయేసరికి సింహంగారి బ్యాంకువాళ్లు కొండచుట్టూ మేకులు పాతారు. మార్తాండం దూరాన నిలబడి చూశాడు. చిన్నప్పుడు తను మొదటి గెంతు గెంతి బొక్కబోర్లా పడిన బండ మీద ఇప్పుడు ఓ తోడేలు కూర్చుని టేపుతో కొలుస్తోంది.

ఈ సంగతి తెలిసి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. దుందుభయ్య లేచాడు. "మన కంపెనీ యజమాని కష్టాల్లో ఉన్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నిలబడతాం?"

మార్తాండానికి ప్రాణం లేచొచ్చింది. తలకొకటి కొన్నా కొండ దక్కుతుంది.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులెవరూ బతికుండగా వేరే కంపెనీ ల్యాప్‌టాప్ కొనరాదు. ఆ మాటకొస్తే, ఏ ల్యాప్‌టాపూ కొనాల్సిన అవసరం రాకుండా ఉన్నదాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. అంతేకాక, యజమానికి రోజూ ఇంటికొక గడ్డిమోపు పంపాలి.

మర్నాడు షోరూము ముందు గడ్డి కుప్పపడింది. పక్కనే దుందుభయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మార్తాండం తిని మూడు రోజులైంది. గడ్డిని చూశాడు. దుందుభయ్య మెడని చూశాడు. నున్నగా, బలంగా, దగ్గరగా ఉంది.

"సార్," అన్నాడు శుకబాబు చెవిలో, "కస్టమర్."

మార్తాండం కళ్లు దించుకుని ఒక పరక నోట్లో పెట్టుకున్నాడు.

"బాగా నమలండి సార్," అన్నాడు దుందుభయ్య ఆప్యాయంగా. "తొందరేం లేదు. మేం ఎక్కడికీ పోం."

నీతి: వ్యాపారం బతకాలంటే, తిట్టుకుంటూనైనా సరే ఏటా కొత్తది కొనుక్కుపోయే విశ్వాసఘాతకులు నాలుగు కుటుంబాలైనా ఉండాలి.