దూదిపింజ దిగిన మేడ

ఆ ఉదయం దూదిపింజ అనుకున్నది చాలా చిన్న పని. విమానంలోంచి చివరిసారిగా దూకాలి, మైదానంలో దిగాలి, పారాచూట్ మడిచి అప్పగించాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవాలి. మర్నాటి నుంచి అతనికి బట్టల స్టోరులో ఉద్యోగం. సైనికులకు బూట్లు, దుప్పట్లు ఇచ్చే ఆ పని కోసం అతను ఎక్కని గడప లేదు, పెట్టని దండం లేదు. నేల మీద నిలబడి చేసే ఉద్యోగం కంటే గొప్పది లోకంలో మరొకటి లేదని అతని భార్య అభిప్రాయం.

దళంలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మనిషి బక్కపలచన. మిగతావాళ్లు రాళ్లలా తిన్నగా కిందికి వస్తుంటే, అతను గాలి ఎటు వీస్తే అటు తేలిపోయి, ఎవరి చేలోనో, ఎవరి దొడ్లోనో దిగేవాడు. ఒకసారి బడి మొదలయ్యే వేళకు ఆ ఆవరణలో దిగితే, అక్కడి టీచరు అలవాటు కొద్దీ అతన్ని ఆలస్యంగా వచ్చినవాళ్ల వరసలో నిలబెట్టింది.

ఆ రోజు కూడా గాలి అతన్ని గుర్తుపట్టింది. మైదానం కాళ్ల కింద నుంచి నెమ్మదిగా జరిగిపోయింది. తర్వాత నీళ్ల ట్యాంకు, ఆ తర్వాత అధికారుల ఇళ్లు కనిపించాయి. అతను ఎడమ తాడు లాగాడు, కుడి తాడు లాగాడు, చివరికి రెండూ వదిలేసి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఒక మేడ మీద, తీగల మీద ఆరేసిన తడి దుప్పట్ల మధ్య చిక్కుకుని ఉన్నాడు.

ఆ మేడ కల్నల్ గారిది. నిజానికి ఆ సమయంలో కల్నల్ మైదానంలో ఉండి దూకేవాళ్లను పర్యవేక్షించాలి. కానీ ఆయన భుజాల మీద తువ్వాలు కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెనక నిలబడి భార్య జుట్టుకు రంగు వేస్తోంది. సగం తల నల్లబడింది, సగం ఇంకా తెల్లగానే ఉంది. ఆయన చెవి దగ్గర ఫోను, ఫోనులో జనరల్. మైదానంలోనే ఉన్నాననీ, ఒక్కొక్కడినీ కళ్లారా చూస్తున్నాననీ ఆయన అప్పుడే చెప్పి ఉన్నారు. అంతలో పారాచూట్ గుడ్డ గాలి పోయి ముగ్గురి మీదా మెల్లగా పరుచుకుంది.

"ఏమిటా చప్పుడు?" అన్నారు జనరల్.

"మనవాడే సార్. దిగాడు. సరిగ్గా నా కాళ్ల దగ్గర." ఆ ఉదయం కల్నల్ చెప్పిన మొదటి నిజం అది.

గుడ్డ కింద ఇంకో మూల నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఏవండీ, ఎవడో వచ్చి నా దుప్పట్ల మీద పడ్డాడు. పొద్దున్నే ఉతికినవి."

జనరల్, మైదానంలో దుప్పట్లు ఎవరు ఆరేశారని అడిగారు.

ఏ ప్రశ్నకూ నీళ్లు నమలకపోవడం వల్లే ఆయన కల్నల్ అయ్యారు. "మైదానం కాదు సార్, మా ఇంటి మేడ. ఈ రోజు అభ్యాసమే అది. యుద్ధంలో దారులన్నీ మూసుకుపోతే కమాండరుకు వార్త ఎలా చేరాలి? ఇదిగో, ఇలా చేరాలి."

"బాగుంది. ఏం వార్త తెచ్చాడు?"

కల్నల్ చీకట్లో తడుముకుంటూ ఫోను దూదిపింజ నోటి దగ్గర పెట్టారు. దుప్పట్లో చుట్టుకుపోయిన దూదిపింజకు తెలిసిన వార్త ఒక్కటే. "దిగాను సార్," అన్నాడు.

ఇంత క్లుప్తంగా నివేదిక ఇచ్చేవాణ్ణి తన సర్వీసులో చూడలేదని జనరల్ మెచ్చుకున్నారు. వచ్చే వారం తానే స్వయంగా వచ్చి ఆ మేడ మీదే కూర్చుని చూస్తానన్నారు. మళ్లీ ఇతనే దూకాలన్నారు.

దాంతో స్టోరు ఉద్యోగం గాలిలో కలిసిపోయింది. దూదిపింజ వెళ్లి కల్నల్ ముందు నిలబడి, తాను గురి చూసి దిగలేదనీ, గాలే తెచ్చి పడేసిందనీ విన్నవించుకున్నాడు. కల్నల్ తలుపు వేసి వచ్చి, ఆ మాట ఇంకెక్కడా అనవద్దని నచ్చజెప్పారు. ఇంత నైపుణ్యం ఉన్నవాణ్ణి బూట్లు పంచడానికి పంపితే దేశం క్షమించదన్నారు. వారం తిరక్కుండానే అతని చేత కొత్తవాళ్లకు మేడ మీద దిగడం గురించి పాఠాలు చెప్పించారు. ఏం చెప్పాలో తెలియక అతను, కళ్లు మూసుకోమని చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

జనరల్ వచ్చే రోజు పొద్దున, బూట్ల తాళ్లు కట్టుకుంటున్న దూదిపింజ ఎదుట భార్య కూర్చుంది.

"మేడ మీద దిగితే ఏమవుతుంది?" అని అడిగింది.

"మెచ్చుకుంటారు. జీవితాంతం దూకమంటారు."

"దిగకపోతే?"

"తిడతారు. పనికిరావని స్టోరుకు తోలేస్తారు."

"మరి ఆలోచిస్తారేంటి?" అంది ఆమె.

కల్నల్ మేడ ఆ రోజు కళకళలాడింది. దుప్పట్లు తీసేశారు. కుర్చీలు వేశారు. మధ్యలో సున్నంతో పెద్ద గుర్తు గీశారు. అధికారులంతా తలలెత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. ఈసారి కల్నల్ తల మొత్తం నల్లగా ఉంది.

దూదిపింజ దూకాడు. పాడు గాలి మళ్లీ మేడ వైపే తోస్తోంది. జీవితంలో మొదటిసారి అతను పట్టుదలగా తాళ్లు పట్టుకున్నాడు. చేతులు వాచిపోయేలా లాగాడు. మైదానం వైపు తిప్పాడు, జారితే మళ్లీ తిప్పాడు. చివరికి రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, ఒంటికి మట్టి అంటకుండా దిగి నిలబడ్డాడు. అతని బూట్లు మైదానం నడిబొడ్డున గీసిన తెల్ల గుర్తు మీద ఉన్నాయి. ఆ గుర్తు మీద అంతవరకూ ఎవరూ దిగి ఎరగరు. అందుకే అంబులెన్స్ డ్రైవరు దాని పక్కనే బండి ఆపుకుని నిశ్చింతగా కునుకు తీసేవాడు.

డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. "ఇక్కడ దిగావేంటయ్యా? ఇంకెక్కడా చోటు లేదా?" అన్నాడు బాధగా.

మేడ మీద జనరల్ దుర్భిణి దించి కల్నల్ వైపు తిరిగారు. మిగతా అధికారులు ఎవరికి వాళ్లు కుర్చీల్లో సర్దుకున్నారు. కల్నల్ వెంటనే మైదానం వైపు చెయ్యి చూపారు.

"చూశారుగా సార్. శత్రువు కూడా అచ్చం మీలాగే మేడ మీద కూర్చుని ఎదురుచూస్తుంటాడు. మనవాడు మైదానం పట్టేస్తాడు."

తనను శత్రువుతో పోల్చారని జనరల్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కానీ ఈలోగానే ఆయన భేష్ అనేసి ఉన్నారు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు. దూదిపింజకు పతకం ప్రకటించారు. ఈ కొత్త యుద్ధతంత్రాన్ని నెలనెలా ప్రదర్శించాలని కూడా ఆదేశించారు.

పతకం ఇచ్చే సభలో దూదిపింజ భార్య ముందు వరసలో కూర్చుంది. ఆమె ముఖంలో సంతోషం లేదు. దూదిపింజ వేదిక ఎక్కాడు. మెడలో పతకం పడింది. తాను ఇక ఎన్నటికీ నేల మీద ఉద్యోగం చేయలేనన్న దిగులుతో, భార్య వైపే చూస్తూ దిగుతూ, చివరి మెట్టు ఉందన్న సంగతి మరిచిపోయాడు. గాలి లేదు, ఎత్తూ లేదు. అయినా నిలువునా కూలబడ్డాడు. లేవబోతే కాలు మాట వినలేదు.

పతకం పొందిన వీరుడు మెట్టు దిగలేకపోవడమేమిటని జనరల్ కనుబొమలు ముడిపడ్డాయి. కల్నల్ అప్పటికే మైకు దగ్గరకు చేరుకున్నారు. గాయపడ్డ సైనికుణ్ణి ఎంత వేగంగా తరలించగలమో చూపే ప్రదర్శన ఇప్పుడు మొదలైందని ప్రకటించారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. భార్య లేచి పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్లోకి తీసుకుంది. బాగా నొప్పిగా ఉందా అని అడిగింది.

"చాలా," అన్నాడు దూదిపింజ. అంటూనే నవ్వాడు. ఇక దూకమని ఎవరూ అనలేరని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

చప్పట్లు ఆగాక వైద్యుడు వచ్చి కాలు పట్టి చూశాడు. ఎముక మాత్రం ఏ ముందస్తు ప్రణాళికా లేకుండా, మామూలుగానే విరిగింది.