మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఒక మూల్యాంకనం

మనిషికి ఒక పని చేతనవునా కాదా అన్నది, అతడు పని చేస్తుండగా చూసి తేల్చగల విషయం కాదని మానవజాతి చాలా ఆలస్యంగా గ్రహించింది. తేల్చవలసింది సాఫ్ట్‌వేర్. దాని తెరపై పేరు పక్కన పచ్చచుక్క ఉంటే చేతనైనట్టు. నారింజచుక్క ఉంటే, అతడు ఎన్నేళ్లుగా ఆ పని చేస్తున్నా, చేతకాకుండానే చేస్తున్నట్టు.

మా కార్యాలయ భవనంలో లిఫ్టు మెకానిక్ పేరు పక్కన నారింజచుక్క ఉండేది. లిఫ్టు దారిలో ఆగిపోతే మేడపై యంత్రాల గదికి వెళ్లి, చక్రం తిప్పి, దానిని అంతస్తుకు సమంగా దించి, తాళంచెవితో తలుపు తీసి లోపలివారిని బయటికి తేవడం ఆయన ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ చూడమన్న వీడియోలన్నీ ఆయన చూశారు. (మొదటి వీడియో పేరు ‘లిఫ్టు అంటే ఏమిటి?’) ప్రశ్నలకు జవాబులూ ఇచ్చారు. మిగిలింది ప్రత్యక్ష మూల్యాంకనం. అంటే, అర్హుడైన అధికారి ఒకరు పక్కన నిలబడి, ఆయన తలుపు తీయడం కళ్లారా చూసి, ట్యాబులో ‘ఉత్తీర్ణుడు’ అని నొక్కాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. అది దాటితే తాళంచెవి అప్పగించి, మళ్లీ మూల్యాంకనాలు జరిగేదాకా స్టోరు గదిలో బల్బులు సర్దుకోవాలి.

దీనిని సాఫ్ట్‌వేర్‌లో అమర్చే బాధ్యత శిక్షణాధికారిది. ఆయన మెకానిక్‌కు స్వయానా బావమరిది. (ఇందులో పక్షపాతానికి తావు లేదని త్వరలోనే తేలుతుంది.) అమరిక పేజీలో నిబంధనలు వరుసగా ఉంటాయి. ఒక్కో గడిలో టిక్కు పెడితే పైనున్న పట్టీ కాస్త నిండుతుంది. వాటిలో ఏది అవసరమో ఆలోచించమని ఆ పేజీలో ఎక్కడా లేదు. శిక్షణాధికారి పట్టీ నిండేదాకా టిక్కులు పెట్టారు.

ఆ విధంగా, బంధువులు మూల్యాంకనం చేయరాదు. అధికారి, ఉద్యోగి ఒకే అంతస్తులో ఉండాలి. చిక్కుకున్న వ్యక్తి నిజంగా చిక్కుకొని ఉండాలి, నటన చెల్లదు. గడువు దాటాక తలుపు తీసినవాడు ఇక ఎన్నటికీ అర్హుడు కాడు. ఇవన్నీ పెట్టినా పట్టీ చివర కాస్త ఖాళీ మిగిలింది కనుక, ఉద్యోగులందరికీ వర్తించేలా మరో మూల్యాంకనాన్ని చేర్చారు. దాని పేరు ‘లిఫ్టులో చిక్కుకున్నప్పుడు అరవకుండా, తలుపు బాదకుండా కూర్చొనుట’.

“నిజంగా చిక్కుకున్న మనిషిని నేనెక్కణ్ణుంచి తేవాలిరా?” అని అడిగారు మెకానిక్.

“ఆఫీసులో ‘రా’ అనకు బావా. సార్ అను.”

“సరే సార్. ఎక్కణ్ణుంచి తెమ్మంటావురా?”

శుక్రవారం ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి మూల్యాంకనాధికారి విచ్చేసి లిఫ్టెక్కారు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

ఇంతకన్నా నిఖార్సయిన చిక్కుకోవడం ఏ సంస్థకూ దొరకదు. మెకానిక్ తాళంచెవితో పరుగున వచ్చారు.

“కంగారు పడకండి సార్. రెండు నిమిషాల్లో తీసేస్తా.”

“ఆగండాగండి,” అంది లోపలి గొంతు. “మీరు తీసేస్తే నేను చూసినట్టు కాదు గదా.”

“లోపల్నుంచే చూడండి.”

“లోపల్నుంచి తలుపొక్కటే కనిపిస్తోంది. పైగా ఏ అంతస్తులో ఉన్నారని ట్యాబు అడుగుతోంది. మూడు నొక్కనా, నాలుగు నొక్కనా?”

“రెండూ కాదు సార్.”

“ఆ గడి లేదండీ.”

అందువల్ల తలుపు తీయరాదని ఆయన లోపలినుంచే మౌఖిక ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు గంటకు పైగా అమలులో ఉంది. ఉదయం తాగిన రెండు కప్పుల కాఫీ దృష్ట్యా దానిని ఆయనే ఉపసంహరించుకున్నారు. మెకానిక్ తలుపు తీశారు. అధికారి బాత్‌రూమ్‌కు వెళ్లివచ్చి, తేలికపడ్డ ముఖంతో, “చాలా చక్కగా తీశారు. నేను చూడలేదు,” అన్నారు.

ఇక మరొకరు చిక్కుకోవాలి. అక్క సంసారంతో ముడిపడిన వ్యవహారం కనుక శిక్షణాధికారి తానే లిఫ్టెక్కారు. కావాలని ఆపితే నటన అవుతుంది కాబట్టి, అది దానంతటదే ఆగేదాకా పైకీ కిందికీ తిరగసాగారు. లిఫ్టు ఆగలేదు. ఎందుకంటే ఉదయం తలుపు తీసిన వెంటనే మెకానిక్ దానిని బాగుచేశారు. (ఆయనను ఎవరూ అడగలేదు. నైపుణ్యాన్ని గుర్తింపు రాకముందే వాడేస్తే కలిగే నష్టాలలో ఇదొకటి.)

“నిన్నెవరు బాగుచేయమన్నారు బావా?” నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడల్లా శిక్షణాధికారి అడిగేవారు.

“చెడిపోయింది గదా అని,” తలుపు మూసుకునేలోగా మెకానిక్ చెప్పేవారు.

గోడ గడియారంలో ఐదయింది. ట్యాబులో మెకానిక్ చుక్క ఎర్రబడింది. మరుక్షణం కరెంటు పోయి, మూడుకూ నాలుగుకూ మధ్య లిఫ్టు నిలిచిపోయింది.

మెకానిక్ తాళంచెవిని మూల్యాంకనాధికారి చేతిలో పెట్టి, తన టిఫిన్ క్యారియర్ అందుకున్నారు.

“అదేంటండీ, మీరు తీయరా?”

“నాకు చేతకాదట గదా సార్. మీరు తీయండి.”

“నాకు చూడటం వరకే అర్హత.”

మెట్ల దగ్గర మెకానిక్ ఫోను మోగింది. ఇల్లాలు.

“తమ్ముడు ఫోన్ చేశాడు. లోపలున్నాడట?”

“ఉన్నాడు.”

“మీరు బయటున్నారట?”

“నేనిప్పుడు తీస్తే మళ్లీ జన్మలో తాళంచెవి ఇవ్వరు. వాడు పెట్టిన రూలే.”

“రూలు సంగతి రేపు నేను వాడితో మాట్లాడతా. వాణ్ణక్కడ వదిలేసి వస్తే మాత్రం, ఇక్కడ మన తలుపూ ఎవరూ తీయరు. ఆలోచించుకోండి.”

మెకానిక్ ఆలోచించుకున్నారు. వెనక్కి వచ్చి, తాళంచెవి అడిగి తీసుకొని, మేడెక్కి, చీకట్లో చక్రం తిప్పి, దిగివచ్చి తలుపు తీశారు. అదే అంతస్తులో, ఆయన పక్కనే నిలబడి, మూల్యాంకనాధికారి అంతా కళ్లారా చూశారు. చూసి, ట్యాబులో రెండు నమోదులు చేశారు. గడువు దాటాక తలుపు తీసినందుకు మెకానిక్ శాశ్వతంగా అనర్హుడు. అంతసేపూ అరవకుండా, తలుపు బాదకుండా కూర్చున్నందుకు శిక్షణాధికారి ఉత్తీర్ణుడు.

సోమవారం నుంచి మెకానిక్ స్టోరు గదిలో ఉంటున్నారు. (బల్బులు బాగా సర్దుతారని విన్నాను. ఆ నైపుణ్యం ఇంకా మూల్యాంకనం కాలేదు.) సంవత్సరాంత నివేదిక ప్రకారం, మా భవనంలో తలుపు తీయగల అర్హత ఉన్నవారు ఎవరూ లేరు. లోపల చిక్కుకొని అరవకుండా కూర్చోగలవారు నూటికి నూరుమంది. రెండో నైపుణ్యం ఇంత సమృద్ధిగా ఉన్నచోట మొదటిదాని అవసరం రాదని యాజమాన్యం సంతృప్తి వ్యక్తం చేసింది.