ఎరిక్ గారిని బతిమాలిన వైనం

ఆ సోమవారం ఉదయం సత్యవేణి వేసుకున్న లెక్క తేలికైనదే. కొబ్బరి వర్తకుల సంఘం పెద్ద దొరబాబు గారు వస్తారు, కాఫీ తాగుతారు, సంఘానికి వెబ్‌సైట్ చెయ్యమంటారు. దాంతో అమలాపురంలో మందుల షాపు మేడమీద ఆమె పెట్టుకున్న చిన్న ఆఫీసు ఇంకో ఏడాది నిలబడుతుంది.

ఆమెకు వచ్చిన విద్య ఒక్కటే, బ్రిక్‌లైన్ అనే సాఫ్ట్‌వేర్. శ్లాబుకి సెంట్రింగ్ ఎలాగో, వెబ్‌సైట్ కట్టడానికి అది అలాగ. 2002లో నేర్చుకుంది. ఇప్పుడు 2009. తనతో నేర్చుకున్నవాళ్ళు కొత్త సరుకులోకి మారిపోయారు. ఆమె మాత్రం పాత సరుకే నమ్ముకున్న కొట్టులా మిగిలింది.

కంప్యూటర్ తెరిచేసరికి బ్రిక్‌లైన్ పేజీలో కొత్త ప్రకటన. దాన్ని తయారుచేసిన నార్వే ఆయన, ఎరిక్, రాశాడు: "ఇన్నేళ్ళూ ఒక్కడినే చూసుకున్నాను. అలసిపోయాను. ఇక కొనసాగిస్తానో లేదో చెప్పలేను. అసలు ఇంకా ఎవరైనా వాడుతున్నారా?"

అప్పుడే దొరబాబు మెట్లెక్కి వచ్చారు.

"ఏంటమ్మా, మొహం అలా వేలాడేసేరు?"

దాచినా రేపు బయటపడే నష్టమే కదా అని ఉన్నది చెప్పేసింది. బేరం పోయిందనుకుంది. దొరబాబు కాఫీ పూర్తిచేసి తాపీగా అన్నారు.

"ఓస్, ఇంతేనాండీ! మా కొబ్బరికాయల దింపు తీసేవాడు చెట్టెక్కనని కూర్చుంటే ఏం చేస్తాం? తోటలవాళ్ళం అందరం వాళ్ళింటికెళ్ళి బతిమాలతాం. ఈయన్నీ బతిమాలదాం."

"ఆయన నార్వేలో ఉన్నారండీ."

"ఈమెయిలు వెళ్తుంది కదండీ?"

మధ్యాహ్నానికి మెట్ల మీద చెప్పులు పట్టలేదు. దొరబాబు కబురంపితే వచ్చిన వర్తకులందరికీ ఈమెయిలు ఖాతాలు ఆమే తెరిచింది, వాళ్ళు చెప్పింది ఆమే ఇంగ్లీషులో రాసింది.

"నాకు కంప్యూటర్ లేదు గానీ, ఆయన మానేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదని రాయండమ్మా," అన్నాడు అప్పారావు.

"అబద్ధం కదండీ!"

"మర్యాదండీ!"

"ఐనవిల్లి వినాయకుడికి ఆయన పేరున కొబ్బరికాయ కొట్టించేనని రాయండి," అంది రత్నం.

"కొట్టించేరా?"

"ఆయ్, వెళ్ళేటప్పుడు కొట్టిస్తాను."

సత్యవేణి టైపు చెయ్యడం ఆపింది. "దొరబాబుగారండీ, ఊరంతా ఇదే వాడుతోందనుకుంటాడు ఆయన. వాడేది నేనొక్కదాన్నే!"

"అనుకోనివ్వండి. దింపు మనిషిని బతిమాలేటప్పుడు తోటలో ఎన్ని చెట్లున్నాయో చెప్తామా?"

మధ్యవర్తి పేరు లేకుండా మాట పంపడం పద్ధతి కాదని, ప్రతి ఉత్తరం చివరా 'వివరాలకు సత్యవేణి గారు' అని దొరబాబు రాయించారు. అప్పారావు బావమరిది కువైట్‌లో ఉంటాడు. సంగతి ఫోన్‌లో విని, తన గదిలోవాళ్ళ చేతా, పక్క గదివాళ్ళ చేతా కూడా రాయించాడు. ఎరిక్‌ని భోజనానికి రమ్మని రాసినవారు కొందరు, తమ ఇంట్లోనే ఉండిపొమ్మన్నవారు కొందరు.

మర్నాడు జవాబు వచ్చింది. సత్యవేణి దాన్ని దొరబాబుకి తెలుగులో చదివి వినిపించింది.

"మీ ఊళ్ళో ఇంతమంది దీని మీద బతుకుతున్నారని నాకు తెలియదు. చదువుతూ ఏడ్చాను. ఇంతమంది బతుకు అలసిపోయిన ఒక్క మనిషి చేతిలో ఉండకూడదు. అందరూ నమ్మిన సత్యవేణి గారికే బ్రిక్‌లైన్ మొత్తం అప్పగిస్తున్నాను. తాళాలన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ, పంపాను. నేను చేపలు పట్టుకోవడానికి వెళ్తున్నాను."

సత్యవేణి కుర్చీలో కూలబడింది. "ఉన్నది నిలబెట్టమంటే నా నెత్తినే పెట్టేడండీ!"

దొరబాబు కళ్ళు మూసుకున్నారు. లాభనష్టాలు బేరీజు వేసినప్పుడల్లా ఆయనకదే అలవాటు. తెరిచి అన్నారు. "నిన్నటిదాకా అయితే మా సంఘం నార్వే ఆయన మీద ఆధారపడాల్సొచ్చేది. ఇవాళ మేడెక్కి తలుపు తడితే చాలు. వెబ్‌సైట్ పని మీదేనండీ. మొదలెట్టండి."

సాయంత్రం బ్రెజిల్‌లో బ్రిక్‌లైన్ వాడేవాళ్ళెవరో దాని భవిష్యత్తు ఎలా ఉందని అడిగారు. అన్నం తిని చెప్తానని సత్యవేణి జవాబు రాసింది.