మంచినీళ్ల అట్ట

రామ్‌సింగ్ మీద అతని భార్య రుక్మిణికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. అతను ఎప్పుడూ తప్పు చేయడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో, అతని చేతిలోంచి జారిన గ్లాసుది తప్పు, అతను అందుకోలేకపోయిన బస్సుది తప్పు. మణుగూరులో కాలనీకి నీళ్లు వదిలే పంపుహౌసులో అతను సూపర్‌వైజరు. అక్కడ గోడ నిండా రూల్సే. కాగితం మీద రాసింది చేసేవాడికి తప్పు అంటదని అతని నమ్మకం.

ఆ వేసవిలో అతని చేతికి హైదరాబాదు డాక్టరు రాసిచ్చిన కాగితం చిక్కింది. వాళ్ల ఆరేళ్ల కూతురు పూలికి మాటలు రాలేదు. డాక్టరు దాన్ని ఆటిజం అన్నాడు. తిట్టినా బతిమాలినా లాభం లేదు, నేర్పే పద్ధతి వేరు అన్నాడు. గ్లాసు బొమ్మతో ఒక అట్ట చేయాలి. దాహమైనప్పుడు పాప ఆ అట్ట చేతికిస్తే క్షణం ఆలస్యం చేయకుండా నీళ్లివ్వాలి, మెచ్చుకోవాలి, ఇష్టమైనదేదైనా చేతిలో పెట్టాలి. మొదట్లో చెయ్యి పట్టి ఇప్పించవచ్చు. అట్ట రాకముందే మాత్రం నీళ్లు అందించకూడదు.

తనకేం కావాలో ఏదో ఒక తీరుగా తెలపగలిగితే జూన్‌లో పూలిని క్లాసులో కూర్చోబెట్టుకుంటానని కాలనీ బడి పెద్ద టీచరమ్మ అంది. మే నెల సగం గడిచింది. రుక్మిణి పెళ్లిపత్రిక వెనక గ్లాసు బొమ్మ గీసి పది రోజులైంది. ఎవరూ చెయ్యి పట్టకుండా పూలి ఒక్కసారి కూడా అట్ట ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం ఆ పిల్లకు రాలేదు. రామ్‌సింగ్ తల్లి ద్వాలి తండాలో పెరిగిన మనిషి. ఎదుటివాళ్లు నోరు తెరిచి నీళ్లు అడిగారంటే ఆమె లెక్కలో ఆ ఇంటి పరువు పోయినట్టే. పూలి కళ్లు కుండవైపు తిరిగితే చాలు, చెంబు వచ్చేసేది.

“ఇయ్యాల ఆదివారం. పొద్దంత మనం ముగ్గురం కాగితం ప్రకారమే ఉండాలె” అంది రుక్మిణి.

“మనం ఉత్తగనే తాగుతుంటే పిల్ల ఏం నేర్చుకుంటది? ఇంట్ల ఎవరికి నీళ్లు కావాలన్నా అట్ట ఇయ్యాల్సిందే” అన్నాడు రామ్‌సింగ్.

“కాగితంల గట్ల లేదు.”

“లేదంటే డాక్టరు మర్చిపోయిండు.”

“నేను గూడ ఇయ్యాల్నా?” అడిగింది ద్వాలి.

“అవ్ యాడీ. తల్లి అని చూస్తే రూలు ఉండదు.”

“నిన్ను సాదినప్పుడు గీ రూలు లేకపాయె. ఉంటే నాకు పాలు మిగులుతుండె.”

పదకొండు గంటలకు ఏన్కూరు నుంచి వెంకటనారాయణ వచ్చాడు. రామ్‌సింగ్ వాళ్ల తండా పక్కనే ఆయన పొలాలు. వెనక లైను క్వార్టర్లో ఉన్న కూతురు సీతారావమ్మను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ముందు ఇక్కడ కాసేపు కూర్చుంటాడు. మామిడిపళ్ల సంచి దించి కుర్చీలో కూలబడ్డాడు. రుక్మిణి చెంబుతో వచ్చింది. ఎదురుగా పూలి కూర్చుని ఉంది. రామ్‌సింగ్ కళ్లతోనే భార్యను ఆపాడు. చెంబు వెనక్కి వెళ్లిపోయింది.

“ఎండ దంచేస్తోందయ్యా” అన్నాడు వెంకటనారాయణ.

“మస్తు ఎండ బాబాయ్” అంటూ రామ్‌సింగ్ స్టూలు మీది అట్టను ఆయనవైపు జరిపాడు.

“బొమ్మ బాగుంది. పాప గీసిందా?”

“రుక్మిణి గీసింది.”

అడగడం ఆయనకు నామోషీ, అడగకుండా ఇవ్వడం ఇతనికి నేరం. చెయ్యి పట్టి ఇప్పించవచ్చని కాగితంలో ఉన్నా, వెంకటనారాయణ చెయ్యి పట్టుకునే ధైర్యం రామ్‌సింగ్‌కు లేదు. ద్వాలి రెండుసార్లు లేచి, కొడుకు చూపుకు రెండుసార్లు కూర్చుంది. పావుగంట తర్వాత పెద్దాయన “వస్తా” అని ఒక్క మాటే అని వెళ్లిపోయాడు.

కూతురింట్లో రెండు చెంబులు తాగాక ఆయనకు నోరు పెగిలింది. “రామ్‌సింగ్‌కి కళ్లు నెత్తికెక్కాయమ్మా. చెంబు తెచ్చి, నా మొహం చూసి, వెనక్కి తీసుకుపోయారు.”

సీతారావమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. “కాలనీకి నీళ్లు వదిలేది ఆయనే. ఆయనింట్లోనే నీళ్లివ్వలేదంటే ఆ నీళ్లలో ఏదో ఉంది నాన్నా.”

వెంకటనారాయణ ఖాళీ చెంబులోకి తొంగి చూశాడు.

ఆమె నీళ్ల డ్రమ్మును మోరీలోకి వంచడం పక్కింటి సైదమ్మ చూసింది. సంగతి విని తనూ వంచింది. ట్యాంకులో పాము పడిందన్న మాట మూడో లైనుకు చేరింది, బజారుకు చేరేసరికి పాములయ్యాయి. ఒంటిగంటకు మోరీలు వానాకాలంలోలా పారుతున్నాయి, పాత బోరింగు దగ్గర బిందెలు బారులు తీరాయి. అక్కడ చోటు దొరకనివాళ్లు రామ్‌సింగ్ ఇంటికొచ్చారు. వాళ్ల వెనక వెంకటనారాయణ కూడా ఉన్నాడు.

“నీళ్లల్ల ఏం పడ్డదో చెప్పు సింగన్నా” అంది సైదమ్మ. “నౌకరి పోతదని దాస్తున్నవా?”

“ఏం పడలే.”

“మరి ఇంటికొచ్చిన పెద్దమనిషికి నీళ్లెందుకియ్యలే?”

రామ్‌సింగ్ జేబులోంచి కాగితం తీశాడు.

“గది ఆఫీసు కాగితమా?”

“డాక్టరుది.”

ఆ మాటతో గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది.

“అయితే మా ముంగట తాగు” అంది సైదమ్మ.

అతను వాకిట్లోని నల్లా తిప్పి గ్లాసు నింపాడు. నోటిదాకా ఎత్తి ఆగిపోయాడు. గుమ్మంలో పూలి నిలబడి అతన్నే చూస్తోంది. గ్లాసు దించి స్టూలు వైపు చూశాడు. “రుక్మిణీ, అట్ట ఏది?”

“చూసిన్రా, తాగుతలేడు” అన్నారు వెనక నుంచి.

అట్ట పూలి దగ్గర ఉంది. ఆ గోలకు రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్న పిల్ల ఒక చెయ్యి దించి, నడుచుకుంటూ వచ్చి, వేళ్ల మధ్య నలిగిన అట్టను తండ్రి చేతిలో పెట్టింది. రుక్మిణి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ చేతిని ఎవరూ పట్టుకోలేదు.

రామ్‌సింగ్ అట్ట వంక చూస్తూ ఉండిపోయాడు.

“సూస్తవేంది? ఇయ్యి జల్దీ” అంది ద్వాలి. “ఆలస్యం చేయొద్దని లేదా కాగితంల?”

అతను గ్లాసు ఇచ్చాడు. పూలి అడుగుదాకా తాగింది. ద్వాలి కొంగుముడిలోని బెల్లం ముక్క మనవరాలి చేతిలో పెట్టింది. “శాబాష్ బిడ్డా” అంది రుక్మిణి.

“సొంత బిడ్డకు పాము నీళ్లు తాపుతడా ఎవడన్నా” అని సైదమ్మ తన బిందె ఆ నల్లా కిందే పెట్టింది. గుంపు తిట్టుకుంటూ కదిలింది.

వెంకటనారాయణ మాత్రం వెళ్లలేదు. వచ్చి పొద్దుటి కుర్చీలోనే కూర్చున్నాడు. అట్టను అటూ ఇటూ తిప్పి చూసి రుక్మిణి చేతికిచ్చాడు. ఈసారి చెంబు ఆలస్యం కాలేదు.

“పాపనైతే మెచ్చుకున్నావు” అన్నాడాయన మూతి తుడుచుకుంటూ.

“శాబాష్ మామయ్యా” అంది రుక్మిణి.

రామ్‌సింగ్ కాగితం వైపు చూశాడు, స్టూలు వైపు చూశాడు. తప్పును వాటి మీదికి నెట్టే దారి కనిపించలేదు. “తప్పు నాదే బాబాయ్” అన్నాడు.

ద్వాలి క్షణం ఆలస్యం చేయకుండా ఇంకో బెల్లం ముక్క తీసి కొడుకు అరచేతిలో పెట్టింది.

అతను దాన్ని నోట్లో వేసుకుని చప్పరించి, ఎవరూ చెయ్యి పట్టకుండానే మరోసారి అన్నాడు. “తప్పు నాదే.”