ఉత్తమ పాఠకురాలు

ఆ రోజు జానమ్మ అనుకున్నది చిన్న పని. పొద్దున రెండు జొన్నరొట్టెలు కాల్చుకుని, గ్రంథాలయానికి పోయి సంతకం పెట్టి, అటునుంచి అటే పల్లికాయ ఒలవడానికి కూలికి పోవాలి. ఏడాదిగా ఆమె పొద్దు ఇట్లాగే మొదలవుతోంది.

మక్తల్ దారిలో ఉన్న ఆ ఊళ్లో పెద్దవాళ్లకు బడి పెట్టినప్పుడు, భర్త పోయిన మూడేళ్లకు, యాభై రెండో ఏట ఆమె అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్న పేరు రాయడానికి మాత్రం ఊళ్లో జాగా దొరకలేదు. రేషను దుకాణంలో సంతకం పెడతానంటే, "యెనక మంది ఉన్నరవ్వా, యేలిముద్రెయ్యి" అని సిరా డబ్బా ముందుకు తోసేవాళ్లు. పింఛను దగ్గరా అంతే. ఒక్క గ్రంథాలయంలోనే లైబ్రేరియన్ హమీద్ సారు పాఠకుల రిజిస్టరును ఆమె వైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చి, పేజీ కదలకుండా అంచు పట్టుకునేవాడు. ఆమె రాసినంతసేపూ ఆగేవాడు. తర్వాత ఆమె మర్యాదకు కాసేపు పత్రిక ముందు కూర్చుని లేచిపోయేది. పుస్తకాల బీరువా జోలికి పోలేదు. తలుపు మీది పేరు చదవడం వేరు, ఆ ఇల్లంతా తిరిగి రావడం వేరు.

"ముబారక్ జానమ్మా!" అని ఆ రోజు హమీద్ సారు కుర్చీలోంచి లేచాడు. "గ్రంథాలయ వారోత్సవాలకు ఉత్తమ పాఠకురాలివి నువ్వే. రిజిస్టరు మొత్తం తిరగేసిన. రెండు వందల ఎనభై ఒక్క దినాలు వచ్చినవ్! జిల్లాకు రాసి పంపితే ఆఫీసరే వస్తనన్నడు."

"నాకెందుకు సారూ గవన్నీ..."

"గట్లనకు. పదకొండేండ్ల నౌకరిల మన లైబ్రరీకి పెద్దాఫీసరు వచ్చుడు గిదే మొదలు."

నిజం నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన నల్లబల్ల మీద ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు, ఒక్కో అక్షరం చుట్టూ పువ్వులు కూడా వేస్తూ. ఇప్పుడు చెబితే ఆయన మొహం ఎట్లా చూడాలి? రేపటినుంచి ఏ మొహంతో ఆ కలం అడగాలి? రేపు చెబుదాంలే అనుకుని కూలికి పోయింది. రేపటికి ఊరంతా ఆ బల్ల చదివింది.

మొదట పక్కింటి తాహేరా గ్రంథాలయానికే వచ్చింది. "జానక్కా, మా అత్త మూతి ముడుసుకొని కూసుంటది. ఇంట్ల పొద్దు పోతలేదు. మంచి కథల కితాబు చెప్పు." జానమ్మకు బీరువాలో ఎర్ర అట్ట ఒకటి కనపడింది. అదే చూపించింది. వెనకే గుర్వయ్య వచ్చాడు. ఆముదం చేనుకు పురుగు పట్టింది, మందు చెప్పే పుస్తకం కావాలన్నాడు. అన్నిటికన్నా లావుది తీసి ఇచ్చింది. అంత లావు పుస్తకంలో పురుగు సంగతి ఎక్కడో ఒకచోట ఉండకపోదు కదా.

మూడో రోజు గుర్వయ్య భార్య యాదమ్మ కొంగు నడుముకు దోపి వచ్చింది. "ఏం పుస్తకమిచ్చినవే నా మొగనికి? రాజు కొడుకు అడివిల తప్పిపోయిండట, వాడు దొరికేదాక చేనుకు పోడట! ఆడ పురుగు పండుగ చేసుకుంటుంది!"

ఎర్ర అట్టది కోళ్ల పెంపకం పుస్తకమని తాహేరా చెప్పింది. "ఇగ కథలు లేవని గదే సదివిన. మా అత్త ఇని, ఆరు కోడిపిల్లలు కొనుక్కచ్చింది. ఇప్పుడు నోరు మూస్తలేదు జానక్కా, గూడు కట్టియ్యి, గూడు కట్టియ్యి అని ఒకటే లొల్లి."

ఈ రెండు ముచ్చట్లూ కలిపి ఊరు ఒక తీర్పుకు వచ్చింది. జానమ్మ అడిగిన పుస్తకం ఇవ్వదు, మనిషిని చూసి వాళ్లకు కావలసింది ఇస్తుంది. ఆ తర్వాత ఆమెకు రొట్టె తినడానికి తీరిక లేదు. సభ నాటికి బీరువాలో సగం అరలు ఖాళీ. హమీద్ సారు ఆ సంగతి కూడా జిల్లాకు రాశాడు.

సభ రోజు అధికారిగారు ఇంకో ఊళ్లో సభ ఉందని గడియారం చూసుకుంటూనే జీపు దిగారు. జానమ్మకు దండ వేసి, బహుమతి పుస్తకం చేతికిచ్చి అడిగారు. "చెప్పమ్మా, ఇన్ని రోజుల్లో నీకు బాగా నచ్చిన పుస్తకం ఏది?"

జానమ్మ హమీద్ సారును చూసింది. ఆయన ఆమె గొప్ప జవాబు చెబుతుందని నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. ఆ నవ్వు ముందు అబద్ధం పెగల్లేదు.

"నేను ఒక్క పుస్తకం గూడ సదవలే సారూ. దస్కత్ వెట్టనీకి వచ్చిన. ఊర్లె ఇంకేడ పెట్టనియ్యరు."

హమీద్ సారు తల దించుకున్నాడు. యాదమ్మ గొంతే ముందు లేచింది. "మరి నా మొగనికిచ్చిన పుస్తకమో?"

"లావుగుందని ఇచ్చిన."

అధికారిగారు మొహం గంటు పెట్టుకుని రిజిస్టరు తెప్పించారు. "తర్వాతి పేరు ఎవరిది? రఘుపతి!"

రిటైరైన పోస్టుమాన్ రఘుపతి లేచి, జానమ్మను ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. "నేను పంకా కింద కూసోనీకి వస్త సారూ."

మూడో ఆయన కుండలో నీళ్లు చల్లగా ఉంటాయని వస్తాడట. అధికారిగారు రిజిస్టరు మూసేశారు. "అయితే ఈ ఊళ్లో చదివేవాళ్లే లేరా?"

"నేను సదివిన సార్, కోళ్ల కితాబు. జానక్క ఇచ్చిందే" అంది తాహేరా.

"నాకింక ముప్పై పేజీలున్నయి" అన్నాడు గుర్వయ్య. "జర జల్ది కానియ్యిండ్రి."

బహుమతి వెనక్కి తీసుకోవాలో వద్దో అధికారిగారికి తోచలేదు. "సరే, ఒక్క వాక్యం చదువమ్మా. చదివితే నీదే" అన్నారు.

జానమ్మ పుస్తకం విప్పి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "తె... ల్ల... వారేసరికి... ఆమె వాకిట్లో... ఒక ఒం... టె... నిలబడి ఉంది." హమీద్ సారు తల ఎత్తాడు.

"చాలమ్మా, చాలా బాగుంది" అని అధికారిగారు చేతులు చాపారు.

జానమ్మ పుస్తకాన్ని ఆయనకు అందకుండా జరుపుకుంది. "ఆగుండ్రి సారూ, ఒంటె ఎవరిదో సూడాలె గద."

"అవును, ఎవరిదట?" అంది యాదమ్మ, ముందుకు జరిగి కింద కూర్చుంటూ.

జానమ్మ మూడో పేజీ తిప్పేసరికి, నారాయణపేటలో అధికారిగారు అధ్యక్షత వహించవలసిన సభ ముగిసి, కుర్చీలు కూడా సర్దేశారు.