వదలడానికి అర్హత

మనిషి ఎంత చదువు మోయగలడన్నది ఆ మనిషికే వదిలేయదగ్గ విషయం కాదని విద్యాశాఖవారు ఏనాడో గ్రహించారు. ఆ గ్రహింపు ఫలితంగానే ప్రతి కాలేజీలోనూ సబ్జెక్టుల సంఖ్యా సలహా విభాగం వెలిసింది. మా కాలేజీలో అది మెట్ల కింద, చీపుర్ల గది పక్కన వెలిసింది.

విశ్వవిద్యాలయంలో సీటుకు మూడు సబ్జెక్టులు చాలు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, 'మూడే ఎందుకు చదివారని అడిగే అవకాశం కలదు' అని ఉంది. (ఎవరడుగుతారో, ఏం చెబితే ఒప్పుకుంటారో రాయడానికి గోడ చాలలేదు.) ఆ చిన్న అక్షరాల పుణ్యమా అని అందరూ నాలుగు తీసుకున్నారు. అందరూ తీసుకునేసరికి నాలుగుకు పరువు పోయింది. ప్రస్తుతం ఐదు నడుస్తోంది. ఆరు తీసుకున్న కుర్రాడొకడు ఉన్నాడంటారు గానీ, వాణ్ణి ఈమధ్య చూసినవాళ్లు లేరు.

మా అక్క కూతురికి లెక్కలంటే ప్రాణం. విశ్వవిద్యాలయంలో లెక్కలే చదువుతానంటుంది. దానికి మూడు చాలు. కానీ తోడికోడలి కూతురు ఐదు తీసుకుందన్న కబురు అందిన పూటే అక్క దీన్నీ ఐదు తీసుకునేలా చేసింది. అర్ధసంవత్సరం పరీక్షల్లో అమ్మాయి నాలుగింట్లో తప్పి, లెక్కల్లో పాసైంది. తప్పినవాళ్లు శుక్రవారంలోగా భారం తగ్గించుకోవాలని, లేదంటే పేరు కొట్టేస్తామని నోటీసు వచ్చింది. ముగ్గురం వెళ్లి మెట్ల కింద తలలు వంచుకుని కూర్చున్నాం. (వినయం కాదు, మెట్లు తగులుతాయి.)

"రెండు వదిలేస్తాం సార్. మూడు మిగుల్తాయి," అంది అక్క.

"ఏవి?"

"తప్పినవాటిలో ఏవో రెండు."

సలహాధికారి నొచ్చుకున్నాడు. "తప్పింది వదిలితే దాన్ని పారిపోవడం అంటారమ్మా. పాసైంది వదిలితే ఎంపిక అంటారు. మేం ఎంపికకే సంతకం పెడతాం."

"పాసైంది లెక్కలొక్కటే కదండీ."

"అర్హత ఉన్నదీ అదొక్కటే మరి."

"నేను చదవాలనుకుంటున్నది అదే సార్," అంది అమ్మాయి.

"మంచిదేగా. ఇష్టమైనదాన్ని వదులుకున్నానని దరఖాస్తులో రాసుకో. చదివేవాళ్లకు బాగుంటుంది."

"ఏదీ వదలకపోతే?" అన్నాను.

"మీరెవరు?"

"మేనమామని."

"ఎంతవరకు చదివారు?"

"ఎనిమిది."

"అందుకే ఇంత తేలిగ్గా అడుగుతున్నారు," అన్నాడు. (నిజమే. నేను ఎనిమిదిలో అన్నీ ఒకేసారి వదిలేశాను. నీకేం అర్హత ఉందని ఎవరూ అడగలేదు.)

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పకూ పాముకూ కూడా వేరువేరు ఫారాలున్నాయి. అక్క పెన్ను అందుకుంది.

"వద్దే అమ్మా," అంది అమ్మాయి.

"ఊరుకోవే. పేరు కొట్టేస్తే మీ పిన్ని ముందు ఏ మొహం పెట్టుకుని తిరగను?"

అక్క సంతకం చేసింది. నిబంధన ప్రకారం లెక్కల మాస్టారి ధ్రువీకరణ కూడా కావాలి. ఆయన్ను పిలిపించారు. 'ఈ విద్యార్థిని మా సబ్జెక్టులో మిక్కిలి ప్రతిభావంతురాలు, కనుక వదలడానికి అన్నివిధాలా తగినది' అన్న వాక్యం కింద ఆయన సంతకం పెట్టి, అమ్మాయి వైపు చూడకుండా క్లాసుకి వెళ్లిపోయాడు. ఆ నెల నివేదికలో అమ్మాయి పేరు 'ఉపశమనం పొందినవారు' అన్న వరసలోకి ఎక్కింది.

"ఇప్పుడు దీనికి ఏ సీటొస్తుంది సార్?" అనడిగింది అక్క.

అధికారి పెన్నుకు మూత పెట్టాడు. "లెక్కలు లేవు కాబట్టి లెక్కల సీటు రాదు. మిగతా నాలుగూ తప్పింది కాబట్టి అవీ రావు. కంగారుపడకండమ్మా. మా విభాగంలో ఖాళీలున్నాయి. ఇక్కడ నీకేం వచ్చని అడగరు. నన్నయితే అడగలేదు."